తిరుపతిలో ఎంఆర్‌ఐ: మెషిన్‌కు ఐదు స్టార్లు, రిపోర్టుకు రెండు

రేటింగ్ ముందే చెప్పేస్తా, మొత్తమ్మీద ఐదుకు మూడు. సెంటర్ పేరు రాయడం లేదు. బైపాస్ వైపు, కేటీ రోడ్డు వైపు, రుయా ఆసుపత్రి చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కడ చూసినా స్కానింగ్ బోర్డులే, నేను చెప్పబోయే తిరకాసు వాటిలో ఏ ఒక్కదానిదో కాదని తర్వాత నలుగురిని అడిగితే తెలిసింది. పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి, పీలేరు నుంచి తిమ్మిర్లనీ తలనొప్పనీ చీటీ పట్టుకుని తిరుపతికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ళకు పనికొస్తుందని కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు మధ్యలో చీటీ గురించి రాసిన చోటు మాత్రం చదవండి చాలు.

నాకు నలభై దాటాయి. బాలాజీ కాలనీలో డీటీపీ, జిరాక్స్ షాపు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైప్ చేసి బైండింగ్ చేసివ్వడం పని. మొదట రెండు పాదాల వేళ్ళ దగ్గర తిమ్మిరి. రోజంతా కూర్చునే పని కదా అని ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేసేయడం, పొద్దున మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ఒక పక్కకు తూలడం, సింకు పట్టుకుంటే తప్ప నిలబడలేకపోవడం. చేతుల్లోకి వచ్చాక మాత్రం భయమేసింది. ఏళ్ళ తరబడి కీబోర్డు వైపు చూడకుండా అను ఫాంట్స్‌లో టైప్ చేసిన చెయ్యి ఇది, అలాంటిది కీ నొక్కానో లేదో వేలికి తెలియట్లేదు, స్క్రీన్ మీద అక్షరం పడిందా అని చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. పైగా తల వంచితే మెడ నుంచి కాళ్ళ దాకా కరెంటు పాకినట్టు జివ్వుమనేది.

సలహాలకు మన దగ్గర కొదవేముంది. మెడికల్ షాపు అబ్బాయి నరాల బలానికని ఎర్ర టాబ్లెట్లు ఇవ్వబోయాడు. మా పెదనాన్న మెడ నరం పట్టేసింది, పుత్తూరు పోయి కట్టు కట్టించుకో అన్నాడు (ఎముక విరిగితే పుత్తూరు కట్టు, తిమ్మిరికీ అదేనా పెదనాన్నా!). మా అత్త ఏమీ అనకుండా ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి దిష్టి తీసేసింది, అదొక్కటే ఖర్చు లేని వైద్యం. చివరికి మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి వెళితే రద్దీలో రెండు నిమిషాలు విని ఒక చీటీ రాసిచ్చారు. ‘ఎంఆర్‌ఐ బ్రెయిన్ ప్లెయిన్’, కింద ‘నంబ్‌నెస్’. అంతే. ఆ చీటీని గుర్తు పెట్టుకోండి.

సెంటర్ విషయానికొస్తే, ఫోన్ చేస్తే మర్నాడే టైమ్ ఇచ్చారు. బ్రెయిన్‌కు ఆరు వేల పైచిలుకు, బొమ్మ ఇంకా స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేస్తే అదనం అని ముందే చెప్పారు, తర్వాత బిల్లులో ఒక్క రూపాయి కూడా పెరగలేదు. కాంట్రాస్ట్ రాసి ఉంటే ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, కిడ్నీలు బాగున్నాయో లేదో చూడాలి కదా, అది లేక వెనక్కి పంపితే ఒక పూట పోతుంది కాబట్టి ముందే చేయించుకుని వెళ్ళండి. శనివారం, ఆదివారం మాత్రం టైమ్ తీసుకోవద్దు, కొండకు వచ్చే బండ్లతో అలిపిరి రోడ్డు కదలదు, ఆటో వాడు చెప్పిన రేటుకి స్కాన్ సగం ధరకే వచ్చిందనిపిస్తుంది.

లోపల ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. పిన్నులు, మెట్టెలు, గాజులు, తాళి, అన్నీ తీసేయాలి. తాళి దగ్గర నేను కాస్త ఆగాను, నిజం చెప్పాలంటే నాకు పట్టింపు లేదు, బయట కూర్చున్న మా అత్తకు ఉంది. బట్టలు మార్చుకునే గదిలో ఉన్న ఆయమ్మ నా మొహం చూసి ఏమీ అడక్కుండా డ్రాయర్ లాగింది. అందులో పసుపు కొమ్ములు కట్టి ఉంచిన దారాల కట్ట! ఒకటి తీసి, “దీన్ని కట్టుకో తల్లీ, నూలు దారమే, మిషన్‌కు ఏం కాదు, మీ అత్త అడిగితే చూపించు” అని తనే ముడి వేసింది. రోజుకు ఎంతమందికి కడుతుందో గానీ, ఆ సెంటర్‌లో పేషెంటు మనసు తెలిసిన మనిషంటే నాకు ఆవిడే. ఆవిడకు పది స్టార్లు.

టెక్నీషియన్ కుర్రాడు కూడా ఓపిగ్గా చెప్పాడు. పేస్‌మేకర్ ఉందా, తలలో క్లిప్పులు ఏవైనా ఉన్నాయా, గర్భం ఉందా, అన్నీ అడిగి రాసుకున్నాడు. ఎక్స్‌రే, సీటీ లాగా ఇందులో రేడియేషన్ ఉండదు, అయస్కాంతం, రేడియో తరంగాలతోనే బొమ్మ వస్తుంది, భయపడకండి అన్నాడు. చెవుల్లో దూది లాంటివి పెట్టి, మొహం మీద బోను లాంటిది బిగించి, చేతికి ఒక రబ్బరు బంతి ఇచ్చి, ఇబ్బందైతే నొక్కమన్నాడు. ఆ తర్వాత మొదలైన చప్పుడు గురించి ఎంత చెప్పినా తక్కువే, ఠకఠకమని ఒకసారి, గర్‌ర్‌మని ఇంకోసారి, మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం, అయిపోయిందనుకునే లోపు మళ్ళీ మొదలు. అరగంట లోపే బయటికొచ్చా. ఇక్కడిదాకా ఐదుకు ఐదు ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

సాయంత్రం రిపోర్టు. పెద్ద కవరు, ఫిల్ములు, ఒక సీడీ, రెండు పేజీల కాగితం. మా ఇంట్లో ఇంగ్లీషు నాకే బాగా వచ్చు, థీసిస్‌లు టైప్ చేసిన ధైర్యం ఒకటి, అక్కడే నిలబడి చదివా. మెదడులో రెండు వైపులా ముందు భాగంలో, సబ్‌కార్టికల్ వైట్ మ్యాటర్‌లో, టీ2 ఫ్లెయిర్‌లో కొన్ని చిన్న హైపర్‌ఇంటెన్స్ ఫోసై, అంటే తెల్ల చుక్కలు, కనిపిస్తున్నాయట, నాన్‌స్పెసిఫిక్ అట, రక్తనాళాల వల్ల వచ్చిన పాత మార్పులు కావచ్చట, డీమైలినేషన్‌ను (నరాల పైపొర దెబ్బతినడాన్ని) కొట్టిపారేయలేమట, క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనదట. కావచ్చు, కాకపోవచ్చు, మీ డాక్టర్నే అడగండి. కౌంటర్ అమ్మాయిని “ఇందులో ఏముందమ్మా, ఎవరైనా చెప్తారా” అంటే “అదంతా మీ డాక్టర్ సార్ చూస్తారు మేడమ్” అంది. స్కాన్ చదివిన రేడియాలజిస్టుతో ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అంటే, సార్ ఇక్కడ ఉండరు, ఆన్‌లైన్‌లో చదివి పంపిస్తారు అంది. తప్పు ఆ పిల్లది కాదు. కానీ డబ్బు కట్టించుకునేటప్పుడు ముగ్గురు మాట్లాడిన చోట, భయపెట్టే కాగితం చేతిలో పెట్టేటప్పుడు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. రెండు స్టార్లు కోసింది ఇక్కడే.

డీమైలినేషన్ అని ఫోన్‌లో కొడితే ఏం వస్తుందో కొట్టినవాళ్ళకు తెలుసు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు, వీల్‌చెయిర్ బొమ్మలు, జీవితాంతం మందులు. మా ఆయన వాట్సాప్‌లో బంధువులకు పెడితే ఒకాయన బెంగళూరు నిమ్హాన్స్ అన్నాడు, ఒకామె వేలూరు సీఎంసీ అంది, ఇంకొకాయన గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టాడు. ఆ రాత్రి టెన్షన్ సంగతి వదిలేద్దాం.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన పేరు కూడా రాయను, రాస్తే ప్రకటన అనుకుంటారు. నేను కవరు ముందుకు తోశాను, ఆయన దాన్ని తీసి పక్కన పెట్టేశారు. ముందు మీరు చెప్పండమ్మా అన్నారు. చెప్పు జారిపోతోందా అని ఆయనే అడిగారు, నేను చెప్పకముందే! చీకట్లో తూలుతుందా, మొహం కడుక్కునేటప్పుడు తూలుతుందా అన్నారు. మాంసం, గుడ్డు తింటారా, గ్యాస్ టాబ్లెట్లు వాడుతున్నారా, ఎన్నాళ్ళ నుంచి అన్నారు. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు, పాంటాప్రజోల్ మాత్రం పరగడుపున ఏళ్ళుగా వేసుకుంటున్నా. తర్వాత సుత్తితో మోకాళ్ళు, అరికాలి మీద తాళంచెవితో గీత, ఆ తర్వాత ఇనుప ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి మోగించి పాదం బొటనవేలి ఎముక మీద ఆనించి, “జుయ్‌మని తెలుస్తోందా, ఆగిపోగానే చెప్పండి” అన్నారు. నాకు ఏమీ తెలియట్లేదు, ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నా. అదే ఫోర్క్ తీసి నా నుదుటి మీద పెడితే తలంతా జుమ్మంది. అప్పటిదాకా నా కాలికి ఏం పోయిందో నాకే తెలియదు. లేచి పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమన్నారు, మా ఆయన పట్టుకోకపోతే బల్ల మీద పడేదాన్ని.

అప్పుడు తీశారు కవరు. మొదటి మాట ఏమిటంటే, ఈ తిమ్మిరికి ముందు చూడాల్సింది మెడలో వెన్నుపాము, తీసింది తలకాయ. రెండు కాళ్ళూ, తర్వాత రెండు చేతులూ, తల వంచితే కరెంటు, కళ్ళు మూస్తే తూలడం, ఇవన్నీ కలిపితే వెన్నుపాము వెనక భాగం మీదకే అనుమానం పోతుందట. మరి ఈ తెల్ల చుక్కల సంగతేంటి సార్ అంటే, మైగ్రేన్ ఉందా అన్నారు. కాలేజీ రోజుల నుంచీ ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో, పొగ తాగేవాళ్ళలో, ఏమీ లేకుండా ఊరికే వయసు పెరిగినవాళ్ళలో కూడా ఇలాంటివి కనిపిస్తాయట. ఎంఎస్ చుక్కలకు ఇష్టమైన చోట్లు వేరు, మెదడులో నీటి గదుల అంచున, బయటి పొరను ఆనుకుని, మెదడు కాండం, చిన్నమెదడు దగ్గర, వెన్నుపాములో. ఎంఎస్‌ను తేల్చే 2017 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో నరాలకు దెబ్బ తగిలిందని రుజువు కావాలని ఉండేది, అదీ ఎంఎస్‌కు తగ్గ లక్షణాలు ఉన్న మనిషిలో. చుక్కలు కనపడ్డాయని జబ్బు పేరు పెట్టకూడదు అన్నారు. స్క్రీన్ మీద చూపిస్తానని సీడీ పెడితే అందులో ఉన్నవి నాలుగు జేపెగ్ ఫొటోలు, రిపోర్టు పీడీఎఫ్! పూర్తి డైకామ్ ఫైళ్ళు, అంటే మెషిన్ తీసిన అసలు బొమ్మలు, లేవు. అవి లేకపోతే ఇంకో డాక్టరు స్కాన్‌ను ముక్క ముక్కగా తిప్పి చూడలేడు. సెంటర్‌ను అడిగితే రేపు రండి, సిస్టమ్ అబ్బాయి లేడు, ఎల్లుండి రండి. పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి కౌంటర్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాకే ఇచ్చారు. డబ్బు కట్టి తీయించుకున్న నా బొమ్మల కోసం నేను కూర్చోవడమేంటో.

ఆయన రాసిన రెండో చీటీ చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఆరు లైన్లు. రెండు పాదాల్లో మొదలై చేతులకు పాకిన తిమ్మిరి, కాళ్ళలో వైబ్రేషన్ తెలియదు, కళ్ళు మూస్తే తూలుతోంది, మెడ వంచితే కరెంటు, శాకాహారి, చాలాకాలంగా పాంటాప్రజోల్, వెన్నుపాము వెనక భాగం ప్రత్యేకంగా చూడండి, విటమిన్ బీ12 లోపమా, డీమైలినేషనా, వెన్నుపాము మీద నొక్కుడా? పక్కన రక్తపరీక్షలు, బీ12, హోమోసిస్టీన్, థైరాయిడ్, షుగర్, ఇంకొన్ని. చేయించేదాకా ఏ నరాల టాబ్లెట్టూ ముట్టొద్దన్నారు, బీ12 ఉన్న మాత్ర రెండు రోజులు వేసుకున్నా రక్తంలో లెక్క పెరిగి అంతా బాగున్నట్టు చూపిస్తుందట. ఆ ఎర్ర టాబ్లెట్లు నేను తీసుకోకపోవడం కేవలం షాపు అబ్బాయి దగ్గర చిల్లర లేకపోవడం వల్ల.

ఆ చీటీతో మెడ ఎంఆర్‌ఐ. అదే సెంటర్. అదే మెషిన్. కింద సంతకం కూడా మొదటి రిపోర్టు మీద ఉన్న రేడియాలజిస్టుదే. కానీ ఈసారి కాగితం వేరే మనిషి రాసినట్టుంది. మెడ ఎముకల్లో సీ2 నుంచి సీ5 దాకా వెన్నుపాము వెనక భాగంలో టీ2 సిగ్నల్ పెరిగింది (అంటే అక్కడ తెల్లగా ఉంది), అడ్డుకోతలో తిరగేసిన వి ఆకారంలో కనిపిస్తోంది, నొక్కుడు లేదు, బీ12 లోపానికి సరిపోతుంది, రక్తపరీక్షతో పోల్చి చూడండి. చూశారా? చదివే ఆయనకు చదువు రాక కాదు మొదటిసారి అలా రాసింది. ‘నంబ్‌నెస్’ అనే ఒక్క మాట ఇచ్చి తలకాయ బొమ్మ పంపితే, పేర్లూ ముహూర్తమూ ఇవ్వకుండా పెళ్ళికార్డు కొట్టమన్నట్టు, ఆయన మాత్రం ఏం రాస్తాడు, తప్పు పడకుండా అన్నీ రాస్తాడు. కాబట్టి స్కాన్‌కు వెళ్ళేముందు మీ చీటీ చూసుకోండి. అందులో మీ కథ లేకపోతే డాక్టర్ని అడిగి రాయించుకోండి, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఏం మందులు వాడుతున్నారు, ఏం అనుమానం. రాయకపోతే మీరే ఒక తెల్లకాగితం మీద రాసి దానికి పిన్ను కొట్టండి. సెంటర్ వాళ్ళు కూడా పేస్‌మేకర్ గురించి అడిగే ఫారంలోనే ఇంకో నాలుగు లైన్లు ఖాళీ వదిలి పేషెంటు చేత రాయిస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది?

బీ12 రెండొందలకు బాగా తక్కువ వచ్చింది. బీ12 తగ్గితే పెరిగే హోమోసిస్టీన్ ఎక్కువ. మాంసం, గుడ్డు లేకపోవడం, ఏళ్ళ తరబడి గ్యాస్ టాబ్లెట్, రెండూ బీ12ను తగ్గించేవేనట. హిమోగ్లోబిన్ మాత్రం బాగానే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, రక్తం బాగుంటే బీ12 కూడా బాగున్నట్టే అనుకోకూడదట. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గిపోయి, నరాల దెబ్బ లోపల అలాగే సాగే ప్రమాదం ఉందని కూడా చెప్పారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళలోనూ బీ12 పడిపోతుంది కాబట్టి మా ఆయనకు కూడా పరీక్ష చేయించాం.

అదే మెడ రిపోర్టులో సీ5–సీ6 దగ్గర డిస్క్ బల్జ్ (ఎముకల మధ్య ఉండే మెత్త బయటికి ఉబ్బడం) అని ఒక లైన్ ఉంది, దాన్ని చూసి మా పెదనాన్న మళ్ళీ పుత్తూరు అన్నాడు. డాక్టరు దాన్ని పట్టించుకోలేదు. ఇలాంటివి నొప్పి లేనివాళ్ళలోనూ మామూలేనట. నడుము డిస్కుల మీద 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లలో 20 ఏళ్ళ వాళ్ళకే 30 శాతం మందికి, 80 ఏళ్ళకు వచ్చేసరికి 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. అయినా మన ఊళ్ళో ఆ ఒక్క లైన్ పట్టుకుని నెలల తరబడి మెడపట్టీ వేసుకుని తిరిగేవాళ్ళు నాకే నలుగురు తెలుసు.

ఇంకో మాట. ఇదంతా మెల్లగా వచ్చే తిమ్మిర్ల సంగతి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం ఉన్నట్టుండి జరిగితే ఏ సెంటర్ మంచిదని రివ్యూలు చదువుతూ కూర్చోకండి, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఆలోపే స్కాన్ కూడా అవ్వాలి, నేరుగా ఎమర్జెన్సీకే పోవాలి. కాళ్ళు బలం తగ్గి మూత్రం ఆగిపోయినా అంతే.

మాకు అందుబాటులో పెద్ద ఆసుపత్రులు లేక కాదు. ఊళ్ళోనే టీటీడీ వాళ్ళ స్విమ్స్ ఉంది, రుయా ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ గంట దూరం, తిరుపతి నుంచైనా పాకాల, చిత్తూరు మీదుగా రైలెక్కితే కాట్పాడిలో దిగొచ్చు. ఎక్కడికి వెళ్ళినా ఫిల్ములు మాత్రమే కాదు, డైకామ్ పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ స్కాన్ తీయమంటారు.

బీ12 ఇంజెక్షన్లు మొదట్లో రోజు మార్చి రోజు, తర్వాత వారానికి, ఇప్పుడు నెలకు ఒకటి. చేతులు చాలావరకు తిరిగొచ్చాయి, స్క్రీన్ చూడకుండానే టైప్ చేస్తున్నా. కాళ్ళు ఇంకా పూర్తిగా రాలేదు, వస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేం, కొంత మిగిలిపోవచ్చు అన్నారు. గ్యాస్ టాబ్లెట్ మానిపించారు. తలలో చుక్కలు మైగ్రేన్‌వే కావచ్చు అన్నారు గానీ ఖాయంగా కాదు, ఏడాది తర్వాత ఇంకోసారి తీసి పెరిగాయో లేదో చూద్దామన్నారు. దానికి కూడా ఇదే సెంటర్‌కు పోతాను, ఒకే మెషిన్ మీద, ఒకే పద్ధతిలో తీస్తేనే పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ పోలిక సరిగ్గా కుదురుతుందట. ఈసారి చీటీ ఆరు లైన్లకు తగ్గదు. డైకామ్ అదే రోజు చేతిలో పెట్టి, రిపోర్టు చదివినాయనతో రెండు నిమిషాలు ఫోన్‌లోనైనా మాట్లాడిస్తే ఇక్కడికే వచ్చి మూడును నాలుగు చేస్తా.